తొలి పిండి రొట్టె

నాందేడ్‌ల మా ఉస్తాద్ పోయిండు. పొద్దుటి బండికి ధర్మాబాద్‌ల దిగిన ఒక గిరాకి, జొన్నల సంచి దించుకుంటనే చెప్పిండు. నేను పిండి గిర్నీ ఆపి, ఇంజన్ పట్టా జారదీసి, చేతులు కడుక్కొని స్టేషన్‌కు పోయిన. చేతులు కడుక్కునుడు కూడ ఆయన నేర్పిందే.

నాకు ఎక్కువ మాట్లాడుడు రాదు. రాసుడు ఇంకా తక్కువ. ఊరి బడిల నేర్చిన అక్షరాలతోని రాస్తున్న. తప్పులుంటె మీరే సర్దుకోండ్రి.

వానలు ఎగ్గొట్టిన కాలంల మా చెల్క భూమి పంట లేక పడావు పడ్డది. పెండ్లాం పిల్లలను అత్తగారింట్ల దించి నేను నాందేడ్ పోయిన. అక్కడ ఒక శేట్‌కు పిండి గిర్నీ ఉండె, ఆయిల్ ఇంజన్‌తోని నడిచేది. దాని మిస్త్రీయే మా ఉస్తాద్. మా దిక్కు మనిషే, తెలుగాయన. శేట్ ధర్మాబాద్‌ల ఇంకో గిర్నీ పెట్టే ఆలోచనల ఉండె. "వీనికి పని వచ్చింది" అని ఉస్తాద్ ఒక్క మాట అంటె అది నా చేతికొస్తది, పిల్లలను తెచ్చుకుంట. అనకుంటె బస్తాలు మోసుడే.

ఆయన నోటితోని నేర్పింది తక్కువ. ఎడమ భుజం మీద నూనె గుడ్డ, కుడి భుజం మీద పిండి గుడ్డ. ఇంజన్ తుడిచిన గుడ్డ పిండి పట్టే రాయి దిక్కు పోవద్దు. ఒకపారి నేను ఎడమ గుడ్డతోని పిండి పడే మూతి తుడవబోతె, "అరేయ్, ఊరంతటికి గ్యాసునూనె రొట్టె పెడ్తవా?" అని గుంజుకున్నడు. ఇంజన్ తలకాయను మంటతోని కాగబెట్టుడు, చక్రం ఊపుడు, పట్టా వదులైతె సప్పుడు ఎట్ల మారుతది, అన్నీ పక్కన నిలబడి నేర్చిన. "ఇంజన్ చెడిపోతె మనకు ఎరుకైతది. పిండి చెడిపోతె తినేటోనికి ఎరుకైతది. భయపడితె దానికే భయపడు" అనేటోడు.

అన్నిట్ల పెద్ద పని రాయికి కక్కు కొట్టుడు. నడిచి నడిచి రాయి నున్నగైతె, పైరాయి లేపి ఉలితోని మల్ల గాట్లు కొట్టాలె. కొట్టినంక రాతిపొడి ఎక్కడో ఒక కాడ దాగుంటది. అందుకే ముందుగాల తవుడు పోసి తిప్పి పారబోస్తరు. వేరే గిర్నీలోళ్లు గంతటితోని గిరాకీ మొదలుపెట్టేటోళ్లు. మా ఉస్తాద్ అట్ల కాదు. ఇన్ని జొన్నలు పట్టి ఆ పిండిని గిర్నీ వెనుకనే ఉన్న తన ఇంటికి పంపేటోడు. ఆయన పెండ్లామును నేను అక్కా అని పిలిచేది. అక్క రొట్టె చేసి తెస్తె, కూర లేకుంట ఉత్తదే మెల్లగ నమిలేటోడు. పంటికి ఏం తగలకుంటేనే గిర్నీ నడుస్తది. "ఊరోళ్ల పంటి కింద పడే రాయి ముందు నా పంటి కింద పడనీ" అనేది ఆయన మాట. అక్క మాత్రం "కూర అడగని మొగడు దొరికిండు, నా అదృష్టం" అని నవ్వేది.

దసరా ముందర ఒకసారి ఇద్దరం కలిసి కక్కు కొట్టినం. బయట గంపలు, సంచులు, ఆడోళ్ల లొల్లి.

"కాయ్ ఝాలం, ఏమైంది మిస్త్రీ? ఇంకెంతసేపు?" అని శేట్ తొందర పెడుతుండు.

"గీయన రొట్టె అరిగేదాక మేము ఉపాసం ఉండాల్నా?" అని ఒక ముసలమ్మ.

అక్క తెచ్చిన రొట్టె ఉస్తాద్ తిన్నడు. "బాగున్నది. పట్టా ఎక్కియ్యి" అని మిగిలిన తుంట నా చేతుల పెట్టిండు. కొంచెం తుంచి నోట్ల వేసుకున్న. కర్రుమన్నది.

పట్టా పట్టుకొని అట్లనే నిలబడ్డ. శేట్ ముందర, ఇంతమంది ముందర ఆయన మాట ఎట్ల కాదనాలె? నా ధర్మాబాద్ ఆయన నోట్లనే ఉన్నది.

"ఏమైందిరా?"

"ఉన్నది, ఉస్తాద్."

"ఏంది?"

"రాయి."

"నిన్నగాక మొన్న వచ్చినోడు మిస్త్రీకి చెప్తడా!" అని శేట్ లేచిండు.

ఉస్తాద్ నా చేతుల ముక్క తీసుకొని, ఈసారి ముందటి పండ్లతోని కొరికిండు. చాన సేపు నమిలి, అరచేతిల ఉమ్మి చూసుకున్నడు.

"దవడపండ్లు ఊడి యాడాదైతుంది శేట్. చెప్తె పనిల నుంచి తీస్తవని చెప్పలే," అన్నడు. "వీనికి పని వచ్చింది. ధర్మాబాద్‌కు వీన్ని పంపు."

"మరి ఇక్కడ ఎవరు నములుతరు?" అని శేట్.

"మా ఇంటిది ఉన్నది గద. ఇన్నేండ్ల సంది నన్ను నమలట్లేదా?"

అక్క రొట్టె పళ్లెం ఎత్తింది కొట్టేతందుకు. అందరు నవ్విన్రు, శేట్ కూడ. పిండి మూతికి కట్టిన బట్ట విప్పి చూస్తె, పొడి దాని మడతలల్ల ఉండె. దులిపి, ఉతికి, మల్ల రొట్టె చేపిచ్చినం. గిరాకి అప్పటిదాక ఆగింది, తిట్టుకుంటనే.

శేట్ ఆయనను తీసెయ్యలే. నేను ధర్మాబాద్ వచ్చిన, పిల్లలు వచ్చిన్రు. పోయిన యేడు చూడబోతె ఆయనకు ముందటి పండ్లు కూడ లేవు. అక్క రొట్టెను పాలల్ల నానేసి పెడుతుండె. "నీ రాయి ఎట్లున్నదిరా?" అని అడిగిండు. పిల్లలను తర్వాత అడిగిండు.

ఆయన పోయిన మూడోనాడు పిట్టకు, అంటె కాకికి, పెడుతుంటె నేను అక్కడనే ఉన్న. అక్క తన చేతితోనే జొన్నరొట్టె చేసింది. ఆకుల పెట్టేముందు ఒక తుంట తుంచి నా దిక్కు చాపింది.

"అగో, ఎంగిలైతది గదనే!" అని పెద్దోళ్లు అన్నరు.

"ఎవ్వలు నమిలి చూడని పిండి ఆయన ఎన్నడన్న తిన్నడా? తిను తమ్మీ."

నమిలిన. అందరు ఆగిన్రు.

"ఏం లేదక్కా," అన్న.

అప్పుడు అక్క ఆకును నేల మీద పెట్టింది. కాకి వెంటనే దిగలే. గిర్నీ రేకుల మీద వాలి, మెడ వంచి చూసుకుంట కూసున్నది. తర్వాత దిగి, రొట్టెను ముక్కుతోని అటిటు తిప్పి చూసి, ఒక అంచు తెంపుకొని పోయింది.