కారం ఆడించిన కాఫీ మర

భోజనాల బల్ల ఒకటి, కుర్చీలు ఆరు, పరుపులు నాలుగు, పియానో ఒకటి, గోడ గడియారం ఒకటి, వెండి చెంచాలు ఇరవై నాలుగు, దుప్పట్లు పన్నెండు, పుస్తకాలు తొంభై ఆరు, కాఫీ మర ఒకటి. మొత్తం నూట నలభై ఆరు. గల్ఫ్‌లో నేను పనిచేసే షువైఖ్ గోదాములో సరుకు లెక్క రాసే అలవాటు కొద్దీ రెండుసార్లు కూడి చూశాను.

ఇది వియన్నాలో ఒక యూదు కుటుంబం ఇంటి సామాను. నాజీలు అంతా లాక్కున్నారు. లాక్కునే ముందు ఆ ఇంటాయన చేతనే జాబితా రాయించారు. దాని నకలును ఆయన మునిమనవరాలు లండన్ నుంచి నాకు పంపింది. ఎందుకంటే చివరి వస్తువు ఇక్కడ అబ్బాసియాలో మా అద్దె గదిలో ఉంది.

నాతో గదిలో ఉండే కడపాయన ఒక ఇంట్లో డ్రైవరు. ఏడేళ్ళ కిందట శుక్రవారం బజారులో రెండు దీనార్లకు దాన్ని కొన్నాడు. అడుగున చెక్కిన అక్షరాలేమిటో తెలియక నేను ఫోటో తీసి ఇంటర్నెట్‌లో పాత వస్తువుల గ్రూపులో పెట్టాను. అది చూసి ఆ మునిమనవరాలు రాసింది, అది వాళ్ళ ఇంటిపేరట.

“దుడ్లిచ్చి కొంటి గదన్నా. నేనేమన్నా దొంగనా?”

“నువ్వు కాదు. మర మాత్రం దొంగసొత్తే.”

ఇచ్చేద్దామన్నాడు. చిక్కల్లా వేరే. అప్పట్లో ఆ మర తిప్పిన పాప, ఆ ఇంటాయన కూతురికి ఇప్పుడు తొంభై దాటాయి. మరలో పొడి పడే సొరుగు ఒక్కసారి వాసన చూడాలని ఆమె కోరిక. మేమేమో ఏడేళ్ళుగా అందులో ఎండుమిరపకాయలు ఆడిస్తున్నాం.

కారం ఘాటు పోవాలని నాలుగుసార్లు బియ్యం ఆడించాం. మిద్దె మీద జూలై ఎండలో ఆరు రోజులు పెట్టాం. అరకిలో కాఫీ గింజలు ఆడించాం. చివరికి మావాడు సొరుగు వాసన చూసి తుమ్మాడు.

“మా ఊరి కాయలన్నా. అంత సులబంగా పోతాయా?”

అలాగే పంపేశాం. వీడియో కాల్‌లో ముసలమ్మ సొరుగును ముక్కుకు ఆనించింది. ఐదు తుమ్ములు. మేమిద్దరం తలలు దించుకున్నాం. ఆమె మళ్ళీ ఆనించి, కళ్ళు తుడుచుకుంటూ ఏదో అంది.

“కాఫీ వాసన ఇంకా ఉందంటోంది,” అంది ఆమె మనవరాలు, నాకు జాబితా పంపినామె.

అది మా అరకిలోదని నాకు తెలుసు. 

ముసలమ్మ మళ్ళీ ఏదో అడిగింది. మనవరాలు కాస్త తటపటాయించింది. “చెంచాలు కూడా మీ గదిలోనే ఉన్నాయా అంటోంది.”

మావాడు వంటగట్టు దగ్గరికి పరిగెత్తి, ఉన్న మూడు చెంచాలూ తెచ్చి కెమెరాకు చూపించాడు. పనిచేసే ఇంటి యజమానురాలిని పిలిచే అలవాటులో, “మావన్నీ స్టీలువే మామా!” అన్నాడు.

కాల్ అయ్యాక జాబితాలో కాఫీ మర పక్కన ‘అందింది’ అని రాశాను.

“ఇచ్చేస్తిమి గదన్నా, ఖలాస్, అయిపాయ!”

“ఇచ్చింది ఒకటే,” అని కాగితం కింద మిగతా లెక్క వేశాను. ఇంకా రావలసినవి నూట నలభై ఐదు.