ఒకటి అనని లెక్క

ఆ శనివారం ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు మా అత్తగారు కాఫీ గ్లాసు పక్కకు జరిపి, కళ్లజోడు తుడుచుకుని, నా ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నారు. అమెరికాలోని ఆష్‌బర్న్‌లో, మా వంటింటి బల్ల మీద, ఆ చలికాలమంతా మేమిద్దరం అంటార్కిటికా సీల్ జంతువులను లెక్కపెట్టాం. ఉపగ్రహం తీసిన మంచు ఫొటోలను పరిశోధకులు నాలాంటి వాలంటీర్లకు పంపేవారు. పిల్లల్ని కనడానికి సీల్‌లు ఎక్కడికి వస్తున్నాయో, ఎక్కడ రావడం మానేశాయో తెలిస్తేనే ఏ తీరాన్ని కాపాడాలో తెలుస్తుంది.

ఫొటోలో సీల్ జీలకర్ర గింజంత ఉంటుంది. అత్తగారివి బియ్యంలో రాళ్లేరిన కళ్లు. పెదవులు కదుపుతూ లెక్కపెట్టి, చివరి అంకె మాత్రం పైకి చెప్పేవారు. నేను టైప్ చేసేదాన్ని. కొన్ని ఫొటోలకు "లాభం" అని ఊరుకునేవారు. లాభం లేదంటున్నారనుకుని సున్నా కొట్టేదాన్ని.

ఆ రోజు ఆవిడ చూపు నా వేలి మీద పడింది.

"అదేంటే, సున్నా చుట్టావ్?"

"లాభం లేదన్నారుగా అత్తయ్యా."

"లేదని ఎప్పుడన్నాను? లాభం అన్నాను. లాభమంటే ఒకటి. వడ్లు కొలిచేటప్పుడు ఒకటి అంటామా ఎక్కడైనా? లాభం, రెండు, మూడు. ప్యాకెట్ బియ్యం తిని పెరిగినదానివి, నీకేం తెలుస్తుందిలే!"

నవ్వారు. అంతలోనే ఆపేశారు.

"అయితే ఇన్నాళ్లూ ఒంటిగా ఉన్నవాటన్నిటినీ లేవని రాశావా?"

"సబ్మిట్ చేసేశాను. ఖాళీ అని పెడితే ఇంకెవరూ ఓపెన్ చేయరు."

"అంటే అవి లేనట్టేనా?"

ఆ పూట ఆవిడ టిఫిన్ తినలేదు. నేను పరిశోధకులకు జరిగింది రాశాను. లాభం అంటే ఏమిటో చెప్పడానికే రెండు పేరాలు పట్టింది. నాలుగో రోజున మేం సున్నా పెట్టిన ఫొటోలన్నీ తిరిగి పంపారు. అప్పటికి డాక్టర్లు అత్తగారి గుండె ఆపరేషన్‌కు తేదీ ఇచ్చేశారు.

"ఈలోగా అయిపోవాలి," అన్నారు ఆవిడ.

రోజూ ఉదయం కూర్చున్నాం. ఒంటి సీల్‌లు ఎక్కువగా మంచు పగుళ్ల పక్కన కనిపించాయి. ఆపరేషన్‌కు ముందురోజు చివరి ఫొటో చూసి, "లాభం," అన్నారు. నేను ఒకటి కొట్టి, స్క్రీన్ ఆవిడ వైపు తిప్పాను. చూసుకుని, కళ్లజోడు తీసి పెట్టెలో పెట్టారు.

ఆవిడ ఆస్పత్రి నుంచి తిరిగి రాలేదు.

ఈ ఏడాది ఫొటోలు మళ్లీ వచ్చాయి. శనివారాలు నేనొక్కదాన్నే చూస్తున్నాను. ఒకటి నుంచే మొదలుపెడతాను. మా ఇంట్లో ఇప్పుడు లాభం అని ఎవరూ లెక్కపెట్టరు.