గొంగడి గీయని గీతలు

ఏడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఈ వాక్యం రాయగానే నా మీద నాకే అసహ్యం వేసింది. మోసింది నేనా? ఈ ఏడేళ్లలో నేను జీతం పెంచుకున్నాను, పొట్ట పెంచుకున్నాను, తాండూరు నుంచి వికారాబాద్‌కు సర్వీస్ మేనేజరుగా ప్రమోషన్ మీద వచ్చాను. మోసింది ఇంకొకాయన. నేను ఆయన నెత్తిన పెట్టి చేతులు దులుపుకున్నాను.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్లకు చెబితే "పోనీలే, ఎవరు చెయ్యలేదు?" అంటారు. ఆ మాట నాకు వద్దు. మీరు ఊరికే వినండి. మధ్యలో తిట్టాలనిపిస్తే తిట్టుకోండి, నాకెలాగూ వినబడదు.

అప్పుడు నేను తాండూరులో ఒక కార్ల షోరూంలో సర్వీస్ అడ్వైజర్ని. కంపెనీ పేరు అనవసరం. ముందు అద్దాల గోడ, లోపల ఏసీ, వచ్చినవాళ్లకు చల్లటి నీళ్ల సీసా, మా మెడల్లో టైలు. తాండూరు ఎండలో టై కట్టుకుని తిరిగేవాణ్ణి చూస్తే నవ్వు రావాలి. జనం మాత్రం నమస్కారం పెట్టేవాళ్లు. ఇంజిన్ ఆయిలుకూ బ్రేకు ఆయిలుకూ తేడా సరిగ్గా తెలియనివాడు కూడా ఆ టై కట్టుకుంటే "సార్" అయిపోయేవాడు. అలాంటి సార్లం ఆరుగురం ఉండేవాళ్లం.

అసలు సంగతి వెనక ఉండేది. కొత్త బండ్లు నిలిపే ఖాళీ జాగా, దాని ప్రహరీని ఆనుకుని నాపరాయి పాలిష్ చేసే యూనిట్లు. రోజంతా రాయి కోస్తారు, అరగదీస్తారు. ఆరిన రాతిపొడి గాలికి లేచి మా బండ్ల మీద పడేది. నల్ల బండిని రెండు రోజులు నిలబెడితే పిండి చల్లినట్టు తెల్లగా అయ్యేది. దాన్ని ముందు బాగా నీళ్లు కొట్టి, పొడి అంతా కారిపోయాక, శుభ్రమైన మెత్తటి గుడ్డతో తుడవాలి. ఇంతే విద్య. ఇది కూడా మేం చేసేవాళ్లం కాదు. ఒకటే బకెట్, అందులో పొద్దుట్నించి కడిగిన అన్ని బండ్ల మురికి, నేల మీద పడి లేచిన అదే గుడ్డ. దీనికి గోడ మీద బోర్డు ఉండేది, 'ప్రీమియం వాష్' అని.

బండ్లు కడిగే మనిషిని ఖాజా అంటాను, అసలు పేరు అది కాదు. యాభై దాటినవాడు. మా దగ్గర చేరకముందు పాలిష్ యూనిట్‌లోనే పనిచేశాడు. రాయినే అరగదీసే పొడి పెయింటును వదులుతుందా సార్ అని నాకు ఎన్నోసార్లు చెప్పాడు. తల ఊపేవాణ్ణి. టై లేనివాడు చెప్పే మాటకు తల ఊపడమే ఎక్కువ అనుకునేవాణ్ణి.

ఇక ఆ రోజు. పెద్దేముల్ వైపు పల్లె నుంచి ఒక తండ్రీ కొడుకూ కొత్త కారు తీసుకోవడానికి వచ్చారు. తాతల నుంచి గొర్లు కాసిన ఇల్లు. కొడుకు బండిని పెళ్లిళ్లకు కిరాయికి తిప్పుదామనుకున్నాడు. తెల్లది తీసుకొమ్మని మేమంతా చెప్పాం. పెద్దాయన ఒప్పుకోలేదు. తమ మందంతా నల్ల గొర్లేనని, ఆ ఇంటిని నిలబెట్టింది నలుపేనని, బండి కూడా నల్లదే కావాలని పట్టుబట్టాడు. మేం లోపలికి వెళ్లి ఈ మాట చెప్పుకుని నవ్వుకున్నాం.

రాహుకాలం రాకముందే బండి గేటు దాటాలని వాళ్ల కోరిక. ఆ ఉదయమే నీళ్ల మోటారు కాలిపోయింది. ట్యాంకరు వస్తోంది, కాసేపు ఆగండి అన్నాడు ఖాజా. ఆగడానికి నాకు టైము లేదు. చూశారా, ఇక్కడ కూడా అబద్ధమే రాశాను. టైము ఉంది. రాహుకాలానికి ఇంకా గంట పైనే ఉంది. ఓపిక లేదు, అంతే. ఖాజా చేతిలోంచి గుడ్డ లాక్కుని నేనే తుడిచాను. పొడి గుడ్డ. బానెట్టు, తలుపులు, డిక్కీ, టాపు, చెయ్యి గుండ్రంగా తిప్పుతూ, బలంగా. గుడ్డ కింద కరకరమని చప్పుడు వచ్చింది. నేను విన్నాను. ఖాజా కూడా విన్నాడు, మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ఆ తర్వాత బండిని నీడలో పెట్టించి మెరుపు పాలిషు పట్టించాను. ఆ పాలిషు సన్నటి గీతల్లో నిండి నాలుగైదు సార్లు కడిగేదాకా వాటిని కనబడనివ్వదు. ఇదొక్కటి మాకు బాగా తెలిసిన పని. రిబ్బను కట్టాం, కొబ్బరికాయ కొట్టించాం, ఫొటో తీశాం. ఆ ఫొటోలో నేనూ ఉన్నాను. పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతూ ఉన్నాను.

నెలన్నర తిరగకుండానే మళ్లీ వచ్చారు. కొడుకు బండిని ఎండలో నిలబెట్టి చూపించాడు. ఒళ్లంతా సాలెగూడు అల్లినట్టు గీతలు. చూడగానే తెలిసిపోయింది. నా చెయ్యి ఆ రోజు ఎలా తిరిగిందో అవి అచ్చం అలాగే తిరిగి ఉన్నాయి. సొంత చేతిరాతను ఎవరు గుర్తుపట్టరు?

మా పనిలో మొదట నేర్పేది బండి గురించి కాదు. తప్పు తనదేనని కస్టమరు నోటితోనే చెప్పించడం నేర్పుతారు. ఎవరు కడుగుతున్నారు, దేంతో కడుగుతున్నారు, రాత్రిళ్లు ఎక్కడ పెడుతున్నారు, ఏం కప్పుతున్నారు. మర్యాదగా అడుగుతూ పోతే ఎక్కడో ఒకచోట దొరుకుతారు. వీళ్లు నాలుగో ప్రశ్నకు దొరికారు. కొత్త బండి మంచుకు తడుస్తుందని పెద్దాయన తన గొంగడి తీసి బానెట్టు మీద కప్పుతున్నాడు. నల్లగొర్రె ఉన్నితో నేసిన గొంగడి. గొర్లకాపరికి చలికీ వానకూ పడకకూ అదొక్కటే. దాన్ని బండికిచ్చి తను పలచటి దుప్పటితో పడుకుంటున్నాడు. ఈ సంగతి నాకు సంబరంగా చెప్పాడు. మెచ్చుకుంటాననుకున్నాడు కాబోలు.

అదే గీకింది అని చెప్పాను. గొంగడి గరుకు, పెయింటు ఆగదు అన్నాను. కంప్యూటరు వైపు చూస్తూ అన్నాను, కంప్యూటరే చెబుతున్నట్టు.

"గొంగడి గీకదు సార్," అన్నాడు పెద్దాయన. "మా మనుమడు పుట్టినప్పుడు గీ గొంగడి మీదనే పండవెట్టినం. పసిపోరని తోలుకు గీత వడలే. ఇనుముకు వడ్తదా?"

"పసిపిల్లలకు పెయింట్ ఉండదు గదా పెద్దాయనా," అన్నాను నేను.

అందరూ నవ్వారు. పక్క కౌంటరువాళ్లు, నీళ్ల సీసాలు పట్టుకుని కూర్చున్న కస్టమర్లు, అందరూ. కొడుకు మొదట నవ్వలేదు. నలుగురూ నవ్వడం చూసి తనూ నవ్వి, తండ్రి మీదికి తిరిగాడు.

"నీకు చెప్తనే ఉన్న నాయినా, ఇంటవా? సార్‌కు ఎరుకుంటదా, నీకు ఎరుకుంటదా?"

పెద్దాయన భుజం మీది గొంగడి తీసి ఒళ్లో పెట్టుకుని, వేళ్లతో నెమ్మదిగా తడిమి చూశాడు. అందులో ఇన్నేళ్లూ తనకు తెలియని ముల్లేదైనా ఉందేమోనని వెతికాడు. నేను ఆ చేతుల వైపు చూశాను. చూసి కూడా ఊరుకున్నాను.

ఇప్పుడు మీరే చెప్పండి. ఆ గొంగడి కప్పింది బానెట్టు మీద. గీతలు తలుపుల మీద ఉన్నాయి, డిక్కీ మీద ఉన్నాయి, టాపు మీద కూడా ఉన్నాయి. కప్పిన బట్ట గుండ్రాలు చుట్టదు, తుడిచే చెయ్యి చుడుతుంది. కళ్లున్నవాడు ఎవడైనా బండి చుట్టూ ఒక్కసారి తిరిగితే నా అబద్ధం అక్కడే చచ్చేది. ఎవరూ తిరగలేదు. చదువుకున్న కస్టమర్లూ తిరగలేదు, కన్నకొడుకూ తిరగలేదు. మెడలో మూరెడు గుడ్డ వేలాడితే చాలు, మనవాళ్లు కళ్లు మూసుకుంటారు. నేను వాళ్లను ఏవగించుకున్నాను, వాళ్ల మీదే బతికాను.

ఇంకా నీచమైన మాట ఒకటి ఉంది. ఆ 'పెయింట్ ఉండదు' జోకును నేను చాలాకాలం వాడాను. టీ తాగేటప్పుడు, పార్టీల్లో, కొత్తగా చేరినవాళ్లకు కస్టమరుతో ఎలా మాట్లాడాలో నేర్పేటప్పుడు. చెప్పిన ప్రతిసారీ పెద్దాయన యాసను కాస్త ఎక్కువ చేసి చెప్పేవాణ్ణి. నాది వికారాబాదే. మా అమ్మ కూడా అదే యాస మాట్లాడుతుంది.

తర్వాత కొన్నేళ్లకు ఆ కొడుకు బండి సర్వీసుకు వికారాబాద్ షోరూంకు తెచ్చాడు. నన్ను చూసి ఆప్యాయంగా పలకరించాడు. పక్కన కూర్చున్న ఎవరికో తనే పాఠం చెబుతున్నాడు, బండి దగ్గరికి గొంగడి రానీయొద్దని, తన బండి అట్లాగే పాడైందని, ఈ సార్ స్వయంగా చెప్పాడని. నా వైపు చెయ్యి చూపించాడు. తల ఊపాను. గొంగడి ఇప్పుడు బండిలోకే ఎక్కనివ్వడట. అప్పుడైనా చెప్పొచ్చు కదా అని మీరంటారు. చెప్పొచ్చు. నా వెనక గోడ మీద 'నెల ఉత్తమ ఉద్యోగి' అని నా ఫొటో ఉంది. దాని కింద కూర్చుని ఏమని చెప్పను?

మొన్న వానాకాలం మొదట్లో సెలవు పెట్టి తాండూరులో ఒక పెళ్లికి బయల్దేరాను. ఒక్కణ్ణే, నా కారులో, పాత టీషర్టులో. పెళ్లిబట్టలు వెనక సీట్లో ఉన్నాయి. పెద్దేముల్ దాటాక వాన పట్టుకుంది. రోడ్డు పక్కన ఆటో కోసం ఒక ముసలాయన గొంగడి కప్పుకుని నిలబడి, చెయ్యి ఎత్తాడు. ఆపాను. ముందే గుర్తుపట్టి ఉంటే ఆపేవాణ్ణి కాదు, ఇదీ రాసి పెడుతున్నాను. అద్దం దించాక గుర్తుపట్టాను. ఆయన నన్ను గుర్తుపట్టలేదు. కళ్లకు పొర కమ్మింది, తాండూరులో కళ్ల డాక్టరు దగ్గరికే పోతున్నాడు.

తలుపు తీశాను. ఆయన ఎక్కలేదు. వానలో నిలబడి గొంగడి తీసేశాడు. చంకలోంచి యూరియా సంచి తీసి, గొంగడిని మడత పెట్టి అందులో కుక్కుతున్నాడు. తల మీద, చొక్కా మీద వాన పడుతోంది. తడుస్తున్నావు, ముందు ఎక్కు అన్నాను.

"జర ఆగు సార్. గొంగడి తలిగితే బండికి గీతలు వడ్తయ్. మా కొడుకు బండి గట్లనే ఖరాబైంది."

సంచి మూతి రెండుసార్లు మెలిపెట్టి, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నీళ్లు కారుతున్నాయి. సీటు తడుపుతున్నానని నొచ్చుకున్నాడు. కొడుకు మంచోడే, కారులో రమ్మంటాడు, గొంగడి ఇంట్లో పెట్టి రమ్మంటాడు అని చెప్పాడు. ఎప్పుడూ దాన్ని విడిచిపెట్టి బయటికి పోలేదట, అందుకే ఆటోలో తిరుగుతున్నాడట. మనుమడి పుట్టువెంట్రుకలు తీయించడానికి ఇంటిల్లిపాదీ కారులో పోతే, ఆయన వెనక ఆటోలో పోయాడట. ఫిర్యాదు లేదు ఆ మాటల్లో. తప్పు తన గొంగడిది కాబట్టి శిక్ష తనకు పడిందన్నట్టు చెప్పాడు. ఆ రోజు నాతో వాదించిన మనిషి ఇప్పుడు నమ్మేశాడు. ఏడేళ్లలో నా అబద్ధం చేసిన పని ఇది.

బండి పక్కకు ఆపాను. గొంగడి గీకలేదని చెప్పాను. ఆ రోజు రాతిపొడి ఉన్న బండిని పొడి గుడ్డతో తుడిచింది నేనేనని, ఆ షోరూం సార్ నేనేనని, అబద్ధం చెప్పి నలుగురిలో నవ్వులపాలు చేశానని చెప్పాను. చెప్పేటప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

ఆయన పొరలు కమ్మిన కళ్లతో నా మొహం, నా టీషర్టు చూశాడు.

"నీది మంచి మనసు సార్," అన్నాడు. "ముసలోడు బాధపడుతుండని గిట్ల అంటున్నవ్. గాని ఆ సార్ వేరే. సదువుకున్నోడు, మెడకు పట్టి కట్టుకుండె. గసొంటోడు ఉత్తగ చెప్తడా?"

మళ్లీ చెప్పాను. గీతలు గుండ్రంగా ఉన్నాయని చెప్పాను, తలుపుల మీద ఎందుకున్నాయో ఆలోచించమన్నాను, ట్యాంకరు సంగతి, మోటారు సంగతి చెప్పాను. చిన్నపిల్లలు కథ చెబితే వింటామే, అలా తల ఊపుతూ విన్నాడు. అబద్ధానికి ఒక్క వాక్యం సరిపోయింది. నిజాన్ని తాండూరు దాకా చెప్పుకుంటూ వచ్చినా సరిపోలేదు.

డాక్టరు వీధి మొదట్లో దిగాడు. తలుపును రెండు వేళ్లతో మెల్లగా వేశాడు, దెబ్బ తగలకుండా. వాన ఇంకా పడుతోంది. పది అడుగులు దూరం పోయి, సంచి పట్టుకుని, తడుస్తూ నిలబడ్డాడు. గొంగడి తీసి కప్పుకోడేంటి అనుకున్నాను. తర్వాత అర్థమైంది. నా బండి ఇంకా దగ్గరే ఉంది. నేను కదిలేదాకా ఆయన సంచి విప్పడు. నేను పోవాలి, అప్పుడే ఆయన కప్పుకుంటాడు. పోయాను.

కొడుకుకు ఇంకా ఫోన్ చెయ్యలేదు. నంబరు మా కంప్యూటర్లోనే ఉంది, ఒక్క నిమిషం పని. చేస్తానని మీకు మాటివ్వను, నా మాట విలువ ఎంతో ఇప్పటికే చూశారు. పరాయివాళ్లయిన మీకు ఇంత పొడుగు రాశాను గాని, ఆయన కొడుక్కి రెండు ముక్కలు చెప్పలేకపోయాను. అయినా ఒక్కటి ఈ కాగితం మీద పడింది. ఆ గీతలు గొంగడివి కావు, నావి. ఆ మాట రాసి చూస్తే ఒక వరుస కూడా నిండలేదు. ఏడేళ్ల తర్వాత కాస్త ఊపిరి ఆడుతోంది, అందుకు కూడా సిగ్గుగానే ఉంది.