భుజం వెనక చర్మం

మా అక్కకి కోపం ముక్కు మీదే ఉంటుంది. జంతువుల డాక్టరు. కరవబోయిన కుక్కనైనా బుజ్జగిస్తుంది గానీ, నోరు పారేసుకున్న మనిషిని మాత్రం వదలదు. ఆమె ఆసుపత్రిలో కట్లు కట్టడం, తిట్లు తినడం నా ఉద్యోగం.

ఆ పొద్దున వదిన తువ్వాలులో పిల్లిని చుట్టుకుని వచ్చింది. ఆమె పెదవి చిట్లి ఉంది. అన్నయ్య ఆమెను కొడుతుంటే పిల్లి అతని మీదికి దూకి రక్కిందట. అతను దాన్ని విసిరికొట్టి, అది పారిపోబోతుంటే ఇనుప తలుపు ధడాలున మూశాడు. సందులో ఇరుక్కున్న దాని ముందుకాలు పట్టుకుని లాగాడు. మోచేతి నుంచి పాదం దాకా చర్మం ఊడిపోయింది. ఎముక కనబడుతోంది.

"కాలు తీసేస్తావా వదినా?" అని అక్కని అడిగింది వదిన.

"తీయాల్సింది వాడి చెయ్యి," అంది అక్క గ్లవ్స్ తొడుక్కుంటూ.

వదిన ఇంటికి పోకుండా పిల్లి దగ్గరే ఉండిపోయింది. అక్క రోజూ కాలు కడిగి, కుళ్ళింది కోసి, గాయంలో ఎర్రటి కండ పుట్టాక ఆపరేషన్ చేసింది. భుజం వెనక చర్మాన్ని పొడవుగా కోసి, ఒక కొస ఒంటికే ఉంచి, మిగతాది కాలి మీదికి తిప్పి కుట్టింది. ఆ కొసలోని రక్తనాళమే దానికి ప్రాణం.

కొద్ది రోజులకి ఆ చర్మం అంచు నల్లబడింది. సూదితో గుచ్చితే రక్తం రావాలి. రాకపోతే చర్మం చచ్చినట్టే, కాలు తీసేయాల్సిందే. ఎవరికీ జడవని మా అక్క సూది పట్టుకుని మళ్ళీ పక్కన పెట్టేసింది.

"కట్టు కట్టెయ్. రేపు చూద్దాం."

నాకు ఏడుపొచ్చింది. అక్క భయపడటం నేనెప్పుడూ చూడలేదు మరి.

కట్టు ముడి వేశానో లేదో, అన్నయ్య తలుపు తన్నుకుని లోపలికొచ్చాడు. "ఈ దరిద్రం కోసమా కొంప వదిలేసి కూర్చున్నావ్?" అని వదిన మీద అరుస్తూ పిల్లి కట్టు పట్టుకుని పీకేశాడు. పిల్లి గావుకేక పెట్టి అతని బొటనవేలు కొరికేసింది. అంచు దగ్గర కుట్లు తెగి రక్తం చిమ్మింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఎర్రగా వస్తోందే! చర్మం బతికిందే!" అక్క పకపకా నవ్వింది. నవ్వుతూనే ఇనుప స్టూలు ఎత్తి అన్నయ్య మోకాలి మీద ఒక్కటేసింది. అతను కుప్పకూలాడు.

"పెద్దదానివని ఊరుకుంటున్నా!" అని మూలిగాడు.

"ఊరుకోకురా, లే. ఇంకో మోకాలుందిగా."

అతను గోడ పట్టుకుని లేచి, వదిన వైపు తిరిగాడు. "ఏయ్, ఇంటికి పద."

వదిన అప్పటికే గాయం మీద దూది అదిమిపట్టి ఉంది. తల ఎత్తలేదు.

"చెయ్యి తీస్తే రక్తం పోతుంది," అంది. "నువ్వెళ్ళు."