తిరుగు గంట

పోయిన బుధవారం మా పక్క క్వార్టర్ మామ కన్నుమూశాడు. నేను స్టాఫ్‌రూములో కూర్చుని తొమ్మిదో తరగతి ఇంగ్లిష్ నోటుపుస్తకాలు దిద్దుతున్నాను. ఫోన్‌లో మా కాలనీ గ్రూపు తెరిచేసరికి ఆయన ఫొటో, దాని కింద వరసగా మూడేసి అక్షరాలు. ఆర్ఐపి, ఆర్ఐపి, ఆర్ఐపి. ఇంకో రోజైతే నాకు ఒళ్లు మండేది. మనిషి పోతే మూడక్షరాలతో సరిపెడతారా అని పాఠం పక్కన పెట్టి మరీ పిల్లల్ని తిట్టేదాన్ని. ఆ రోజు నిండు వాక్యం రాద్దామని మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ చెరిపేశాను. ఇరవై ఏళ్లుగా ఇంగ్లిష్ చెబుతున్నదాన్ని, చివరికి ఆ మూడక్షరాలే పంపి బల్ల మీద తల వాల్చాను. మామ ఉంటే నవ్వేవాడు. "పొడుగు మాట తీరుబడి ఉన్నోనిది బిడ్డా, పొట్టి మాట పనిల ఉన్నోనిది, బాధల ఉన్నోనిది" అని ఆయన నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

మాది మంచిర్యాల దగ్గరి బొగ్గుగనుల కాలనీ. మామ ఖానాపూర్ దిక్కు పల్లె నుంచి మీసాలు రాని వయసులో వచ్చి కంపెనీలో చేరాడు. ఎక్కువకాలం చేసింది వైండింగ్ ఇంజన్ డ్రైవరు పని. గని బావిలోకి మనుషుల్ని దింపి, షిఫ్టు అయ్యాక పైకి తెచ్చే ఇనుప బోను ఉంటుంది. దాని తాడు నడిపే ఇంజన్ ఈయన చేతిలో ఉండేది. విచిత్రమేమిటంటే, ఇంజన్ గదిలోంచి బోనులోని మనుషులు కనబడరు. గంటలే వినబడతాయి. బోను కదులుతుండగా ఒక గంట కొడితే ఆపు అని. మూడు కొడితే మనుషులు ఎక్కుతున్నారని. అయితే గంట వినగానే లివర్ మీద చేయి వేయకూడదు. విన్నన్ని గంటలు తనూ తిరిగి కొట్టాలి. బావి అంచున నిలబడి గంట కొట్టిన బ్యాంక్స్‌మన్ ఆ తిరుగు గంట విన్నాకే తాడు కదలాలి. ముఖాలైనా చూడని మనుషులను అలా ముప్పై ఏళ్లు దింపాడు, ఎక్కించాడు. ఒక్కరికి గోరంత గీత పడలేదు. ఇంట్లో వేలెడు కుక్కర్ విజిల్ లెక్కపెట్టలేక రోజూ పప్పు మాడ్చే నాకు ఇది ఇప్పటికీ నమ్మశక్యం కాదు.

మా రెండు క్వార్టర్లకూ నడుమ ఒకటే గోడ. మా పాప బడికి బయలుదేరే వేళకు మామ అవతల నుంచి గోడ మీద మూడు దెబ్బలు కొట్టేవాడు. ఇది ఇవతల నుంచి చెంచాతో మూడు కొట్టేది. అప్పుడు "ఇగ పో బిడ్డా" అని కేక వినబడేది. తిరిగి కొట్టకుండా పరుగెత్తిందా, ఈయన లుంగీ ఎగగట్టుకుని వీధి మలుపు దాకా వచ్చి మరీ వెనక్కి పిలిచేవాడు. నాకు బడి టైమవుతోందని చిరాకు. అయినా ఆ మూడు దెబ్బలు పడందే మా ఇంట్లో పొద్దు పొద్దులా ఉండేది కాదు.

ఆయన రిటైరైనప్పుడు కొడుకు కొత్త ఫోన్ కొనిచ్చాడు. అప్పటికి మా పాప తొమ్మిదో తరగతి. దాని దగ్గర కూర్చుని మెసేజ్‌లు నేర్చుకున్నాడు. పిల్లల పొట్టి రాతలు చూసి మేమంతా ఇదేం దిక్కుమాలిన భాష అని ముక్కు మీద వేలేసుకుంటే, మామ మాత్రం కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ మళ్లీ చూశాడు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండా, పుస్తకం లేకుండా, దేశదేశాల పిల్లలంతా కలిసి ఇన్ని గుర్తులు ఎట్లా ఒప్పుకున్నారని ఆయన ఆశ్చర్యం. మా గంటలు ఒప్పుకోవడానికే పెద్ద పెద్ద ఇంజనీర్లు కూర్చోవలసి వచ్చిందనేవాడు.

వారం తిరగకముందే ఒక చెక్క పలకకు నల్లరంగు వేసి తలుపు వెనక తగిలించాడు. ఇంజన్ గదిలో గంటల బోర్డు ఎట్లుండేదో అట్లాగే, ఎడమ పక్క పొట్టి మాట, కుడి పక్క దాని అర్థం, తెల్లరంగుతో. ఆటోస్టాండులో ఒకరిని, టిఫిన్ బండి దగ్గర ఇంకొకరిని అడిగి, ఇద్దరూ ఒకటే చెబితేనే పలక ఎక్కించేవాడు. ఒక్కడు చెప్పిన మాట మీద తాడు కదపొద్దని ఆయన నియమం. ఎల్‌ఓఎల్ ఎదురుగా "నవ్వు. నవ్వు రాకున్నా పంపుతరు" అని రాశాడు. ఐడీకే ఎదురుగా "తెల్వదు. తెలిసినా చెప్పబుద్ధి కాలే." కేకే అంటే "మంచిగున్నరు", ఉత్త కే అంటే "అలిగిండ్రు, జర చూడు." నేను ఇంగ్లిష్ టీచర్నై ఉండి ఆ పలక ముందు నోరు తెరుచుకుని నిలబడ్డాను. ఏ డిక్షనరీలోనూ మనుషుల గురించి ఇంత రాసి ఉండదు. ఎన్‌వీఎం అన్నదాని ఎదురుగా "పోనియ్, ఏం లేదు" అని రాసి, పక్కన ఎర్రచుక్క పెట్టాడు. ఆ చుక్క ఏమిటని అడిగితే, అది ఇంకా సమజ్ కాలేదన్నాడు. చెప్పాలనుకుని చెప్పకుండా పోవడమేమిటి, మా గనిలో అట్లాంటి గంటను ఒప్పుకోరని తల ఊపాడు.

ఆయన చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. ఒక ఆదివారం పాప ఆయనకు బీఆర్‌బీ అని పంపి, అంటే ఇప్పుడే వస్తానని చెప్పి, చుట్టాలతో సినిమాకు పోయింది. మామ ఎప్పటిలాగే బీఆర్‌బీ అని తిరిగి కొట్టి, ఫోన్ ముందు పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. అన్నానికి లేవలేదు. మామ భార్య, అత్త, పిలిచి పిలిచి విసిగి, కూర చల్లారిపోయిందని మా ఇంటికొచ్చి మొర పెట్టుకుంది. పాప వచ్చేసరికి సాయంత్రమైంది. మనుషులు బోనులో ఉన్నారని గంట వచ్చాక డ్రైవరు లివర్ వదిలి లేవడట. కాలనీ అంతా పడి పడి నవ్వింది. నేనూ నవ్వాను. పాప మాత్రం ఆ తరవాత ఆయనకు ఉత్తుత్తి బీఆర్‌బీ ఎప్పుడూ పంపలేదు.

ఇక నా సంగతి. పాప కరీంనగర్‌లో డిగ్రీ మొదటి సంవత్సరం చేరి హాస్టల్లో ఉన్నప్పుడు నాకు మెసేజ్‌లు పెట్టేది. నేను వాటిని దిద్దేదాన్ని. అవును, నోటుపుస్తకాలు దిద్దినట్టే. ఒక శనివారం అది "ఐడీకే మమ్మీ, ఒంట్లో బాగాలేదు" అన్న అర్థం వచ్చేట్టు నాలుగు పొట్టి ముక్కలు పెట్టింది. అందులో రెండు తప్పులు చూపించి, ఇంగ్లిష్ టీచరు కూతురివి, సరిగ్గా రాయడం నేర్చుకో అని జవాబిచ్చాను. అది ఉత్త కే పంపింది. నేను స్టవ్ మీద పాలు చూసుకోవడానికి వెళ్లిపోయాను.

మరునాడు మధ్యాహ్నం మామ మా గడపలో నిలబడ్డాడు. పాప ఆయనకు "తాతా" అని పంపి, ఆయన తిరిగి పంపేలోపే ఎన్‌వీఎం అని పెట్టిందట. నీకేం పంపిందో చూపించమన్నాడు. ఫోన్ ఇచ్చాను. చదివి, తిరిగి నా చేతిలో పెట్టాడు. తిట్టినా బాగుండేది. పాపకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. వార్డెన్‌కు చేస్తే పడుకుందని చెప్పింది. పరీక్షలు దగ్గరికొచ్చాయి, ఏం లేదని అదే చెప్పిందిగదా, ఎందుకు పరేషాన్ అని నేనే ఆయనకు నచ్చజెప్పబోయాను.

"పండుకున్న పిల్ల గంట కొడ్తదా?" అన్నాడు మామ. "గంట సగం మోగితే మేం ఏం చేస్తమో ఎర్కేనా? ఆపుతం. ఎందుకు కొట్టిండని కూసొని ఆలోచించం. సమజ్ కాని గంటకు ఒక్కటే అర్థం బిడ్డా. లే, బస్సుకు టైమైతుంది."

మా ఆయన షిఫ్టులో ఉన్నాడు. మేమిద్దరమే బస్సెక్కాం. సీటు ఖాళీగా ఉన్నా మామ కూర్చోలేదు. గోదావరి వంతెన దాటేటప్పుడు నేను చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తుంటే, ఆయన ముందు అద్దంలోంచి రోడ్డు చూస్తూ నిలబడ్డాడు.

హాస్టల్ గది తలుపు లోపలి నుంచి గడియ పెట్టి ఉంది. గదిలోని మిగతా అమ్మాయిలు శని, ఆదివారాలకని ఊళ్లకు పోయారు. నేను తలుపు బాదబోతుంటే మామ నా చేయి పట్టి ఆపాడు. తనే వేలి కణుపులతో మూడు దెబ్బలు కొట్టాడు. మెల్లగా, గోడ మీద కొట్టినట్టే. ఏమీ వినబడలేదు. ఆయన మళ్లీ కొట్టలేదు, పిలవలేదు, చెవి కూడా ఆనించలేదు. ఊరికే నిలబడ్డాడు. నా జన్మలో అంత పొడుగు నిమిషం లేదు. అప్పుడు లోపల ఇనుప మంచం మీద టంగ్, టంగ్, టంగ్ మంది. ఆ తరవాతే గడియ తీసిన చప్పుడైంది.

పాప మూడు రోజులుగా అన్నం ముట్టలేదు. పాఠాలన్నీ ఇంగ్లిష్‌లోనే, ఒక్క ముక్క అర్థం కావడం లేదట. ఇంగ్లిష్ టీచరు కూతురు ఆ మాట ఎవరికి చెప్పుకుంటుంది? నాకైతే చెప్పలేకపోయింది. తాతను పిలిచి, ముసలాయన్ను ఎందుకు బాధపెట్టాలని ఎన్‌వీఎం పెట్టింది. మీరు ఇంకో రోజు రాకపోతే నేను ఏం చేసుకునేదాన్నో నాకే తెలియదు మమ్మీ అని ఏడాది తరవాత ఒకసారి నాతో అంది. ఆ తలుపు తెరుచుకున్న రోజు నుంచి నేను దాని మెసేజ్ ఒక్కటీ దిద్దలేదు. అది ఆర్‌సీహెచ్‌డీ అని పెడితే, అంటే చేరానని పెడితే, నేనూ అవే అక్షరాలు తిరిగి పంపుతాను. ఆ రోజు హాస్టల్ నుంచి ఇంటికి రాగానే మామ పలక మీద ఎన్‌వీఎం పక్కనున్న ఎర్రచుక్కను, ముందు రాసిన అర్థాన్ని నల్లరంగుతో కొట్టేసి కొత్తగా రాశాడు: "పోయి చూడు."

బుధవారం సాయంత్రానికి పాప కరీంనగర్ నుంచి వచ్చింది. ఇప్పుడు డిగ్రీ చివరి సంవత్సరం. ఏడవలేదు. తాత తలుపు వెనక పలక ముందు చాలాసేపు నిలబడి, బయటికి వచ్చి అత్త పక్కన కూర్చుంది.

పాడె కట్టారు. మామతో కలిసి పనిచేసిన రిటైరైన వాళ్లంతా వచ్చారు. అందరిలోకి ముసలాయన, ఏళ్ల తరబడి బావి అంచున మామకు గంట కొట్టిన బ్యాంక్స్‌మన్, చేతికర్ర ఊతంగా ముందుకొచ్చాడు. డప్పు ఆపమని చేయెత్తాడు. క్వార్టర్ ఇనుపగేటు మీద కర్రతో మూడు దెబ్బలు కొట్టాడు. మోయడానికి వంగిన నలుగురూ గనిలో పనిచేసిన వాళ్లే. వంగినవాళ్లు వంగినట్టే ఉండిపోయారు. ఒక్కరూ పాడె లేపలేదు. తిరుగు గంట కొట్టేవాడు పాడె మీద ఉన్నాడని అప్పుడు అందరికీ గుర్తొచ్చినట్టుంది.

పాప అత్త పక్కనుంచి లేచి, కిటికీ దగ్గరికి వెళ్లి, చేతి గాజుతో కిటికీ ఊచ మీద మూడుసార్లు కొట్టింది.

"ఇగ పో తాతా" అంది.

అప్పుడు లేపారు.