డబ్బా అడుగు గీకిన చప్పుడు

నమ్మితే నమ్మండి, ఇందులో ఒక్క ముక్క కల్పించలేదు. కల్పించేవాణ్నైతే నా తప్పుతో మొదలుపెట్టను.

ఆ శనివారం నేను ఒక ముసలావిడ తినాల్సిన బియ్యం అమ్మేశాను.

మాది సిరిగేరి. రైస్ మిల్లులో పని. మా చర్చి ఆడవాళ్లు వంటకు బియ్యం తీసినప్పుడల్లా ఒక పిడికెడు పక్కన పెడతారు. నెలకొకసారి అవన్నీ పోగుచేసి, కెంచనగుడ్డలో ఒంటరిగా ఉండే సుందరమ్మ అవ్వకు పంపుతారు. తీసుకుపోయే పని నాది.

అప్పట్లో ఫోన్‌లో పొలం ఆట ఆడేవాణ్ని. పదిమంది గుంపు, మాట్లాడుకుంటూ వేరే గుంపులతో పోటీగా ఆడేవాళ్లం. డైమండ్లు కొని పోస్తే పైరు నిమిషంలో పండుతుంది. నా జీతమంతా ఆ పైరుకే. ఒంటిగదిలో నన్ను పలకరించే మనిషి లేడు. ఆటలోకి రాగానే మాత్రం, "సావ్కార్ వచ్చినాడప్పా!" అని కేకలు.

ఆ రోజు బియ్యం సంచితో బండెక్కాను. ఫోన్ మోగింది, ఆట గుంపు.

"ఏం సావ్కార్, జేబు ఖాళీనా? వేరే సావ్కార్ని చూసుకోమంటావా ఏంది?"

అందరూ నవ్వారు. బండి అంగడి వైపు తిప్పాను.

బియ్యం డబ్బు డైమండ్లయింది. రాత్రి గెలిచాం. ఒంటిగంటకు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. తెర మీద నా పేరొక్కటే మిగిలింది. ఫోన్ దిండు పక్కన పెట్టాను...

గర్ర్... గర్ర్...

రేకు డబ్బా అడుగున గ్లాసుతో గీకుతున్నట్టు. బియ్యం అయిపోయినప్పుడు చివరి గింజల కోసం గీకుతారే... అదే చప్పుడు.

"ఎవరప్పా అది?"

ఆగింది. ఎవరిదో ఊపిరి. నెమ్మదిగా... దగ్గరగా... తర్వాత ముసలి గొంతు.

"ఊట అయినాదా, అప్పా?"

భోజనమైందా అని. మా వైపు దారిన పోయేవాళ్లు కూడా అడిగే మాటే. తెర చూశాను. నా పేరు తప్ప ఇంకో పేరు లేదు. ఆట మూసేశాను. ఫోన్ ఆపేశాను. తెర నల్లబడింది...

గర్ర్... గర్ర్...

ఫోన్‌లోంచే. ఎప్పుడు ఆగిందో తెలియదు.

తెల్లవారకముందే మిల్లు యజమానిని లేపి, జీతం కింద బియ్యం అడిగి కెంచనగుడ్డకు పోయాను. అవ్వ వాకిట్లో కూర్చుని ఉంది.

"ఏమప్పా, బండి గిన చెడిపాయనా? నువ్వొస్తావని ఎసరు పెట్టుకోని కూచున్యా. ఇంగిపాయ. మళ్లా పోసినా. మళ్లా ఇంగిపాయ."

"అవ్వా... రాత్రి డబ్బా గీకినావా?"

"డబ్బా యాడుండాది నా తావ? కుండలోనే పోసుకుంటాండా. ఏంది, అట్లడుగుతాండావు?"

ఆమెకు ఫోన్ కూడా లేదు. ఆ గొంతు ఆమెదో కాదో ఇప్పటికీ చెప్పలేను. నా భయమే అలా పలికిందేమో. మరి ఆపేసిన ఫోన్‌లోంచి?... తెలియదు.

బియ్యం అమ్మేసింది నేనేనని చెప్పాను. అవ్వ సంచి వైపు చూసింది.

"తిట్టేదానికి గూడా ఓపిక లేదప్పా. పొయ్యి ముట్టించు."

వండిపెట్టి, చర్చికి పోయి అందరి ముందు ఒప్పుకున్నాను. "ఇంక సంచి నీ చేతికియ్యం" అంది ఆడవాళ్ల పెద్ద రాహేలక్క. న్యాయమే. ఆట తీసేశాను. ఇప్పుడు ప్రతి ఆదివారం అవ్వ దగ్గరికి పోయి నీళ్లు తోడి, కట్టెలు కొట్టి వస్తాను. మొదటి రెండు వారాలు ఆమె నాతో మాట్లాడలేదు.

మూడో వారం గడప మీద నుంచి అంది, "సన్నగా చీల్చప్పా, పొగొస్తాది."