పేరు లేని గెడ్డపురుగు

కాడిస్ ఫ్లై అని ఇంగ్లీషులో ఒక పురుగుంది. పారే నీటి దగ్గర బతుకుతుంది. అందులో మరీ చిన్న రకం నాకు కావలసింది. నువ్వుగింజంత ఉంటుంది, రెక్కల నిండా నూగు. పిల్లపురుగుగా ఉన్నప్పుడు ఇసుక రేణువులను తన నోటి నుంచి వచ్చే దారంతో అతికించి సంచి కట్టుకుని అందులో దాక్కుంటుంది. తెలుగులో దీనికి పేరు లేదు. ఎవరడిగినా ఇంత ఉపన్యాసం ఇచ్చుకోవాలి. అంతా విని "కుడుతుందా?" అంటారు. కుట్టదంటే "మరెందుకూ?" అంటారు. విజయనగరంలో జువాలజీ పాఠాలు చెప్పుకునే నాకు ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది.

మా మేనత్త ఊరు ఎస్.కోట దాటాక కొండ కింద. ఆవిడ పెరడు ఆనుకుని పారే చిన్న వాగులో, మా మాటలో గెడ్డలో, ఈ పురుగు ఉంది. ఇంతవరకూ ఎవరూ గుర్తించని రకమేమోనని నా ఆశ. అది తేలాలంటే మగది దొరకాలి. మగదాని పొట్ట చివరి భాగాలను మైక్రోస్కోపులో చూసి రకం తేలుస్తారు, పేరు పెడతారు. నాకు దొరికినవన్నీ ఆడవే. ఈలోగా గెడ్డకు అడుగు నుంచీ సిమెంటు వేస్తారని, సోమవారం జేసీబీ దిగుతుందని కబురు. అడుగున ఇసుక పోతే పురుగూ పోతుంది. శనివారం పరిగెత్తాను.

తొలకరి కురిసి తెరిపిచ్చిన సాయంత్రం. పెరట్లో తెల్లపంచె తెరలా కట్టి, లైటు పెట్టి, కింద పళ్లెంలో నీళ్లు పోశాను. నా పురుగులతో పాటు పుట్టల్లోంచి లేచిన ఉసిళ్లు కూడా కుప్పలుగా వచ్చి పడ్డాయి. భూతద్దంతో వెతగ్గా వెతగ్గా ఒకటి కనిపించింది. పొట్ట చివర కొక్కెం. మగదే! స్పిరిట్ సీసా ఇంట్లో సంచిలో ఉంది. దానికోసం లేవబోతుంటే ప్రిన్సిపాల్ ఫోను. పెరట్లో మాట తెగిపోతోంది. "అత్తా, పళ్లెంలో పురుగులు పోకుండా సూడు" అని రోడ్డు మీదికి వెళ్లాను. ఆయన పరీక్షల డ్యూటీ గురించి చెప్పిందే చెప్పి అరగంట తినేశాడు.

తిరిగొచ్చేసరికి పళ్లెం బోర్లించి ఉంది. అత్త పురుగులను నీళ్లలోంచి దేవి, మూకుడులో దోరగా వేపి, రెక్కలు నలిపి, చేటతో చెరుగుతోంది. తొలకరికి లైటూ పళ్లెమూ పక్కపక్కన కనిపిస్తే మా వైపు ఎవరైనా చేసే పని అదే.

"ఏటి సేసినావత్తా!"

"ఏటి సేసినానే? పోకుండా సూడమన్నావు కదా! ఒక్క ఉసిలినీ పోనీలేదు. సన్న పురుగులూ రెక్కలూ ఎగిరెలిపోనాయి, అంతే. కూకో, బియ్యం ఏపి కలిపెడతాను."

టార్చి పట్టుకుని పెరడంతా పాకాను. ఎటు చూసినా ఉసిళ్ల రెక్కలే. ఎవరిని తిట్టుకోవాలి? ప్రిన్సిపాల్‌నా, జేసీబీనా, నాకోసం నడుం వంచి చెరిగిన ఈ మనిషినా? ఉక్రోషంతో ఏడుపొచ్చింది.

అత్త కంగారుపడింది. "ఏటి పోనాదే?"

"మగ పురుగత్తా. అది లేకపోతే ఆ రకానికి పేరు పెట్టరు."

"ఆడయి ఉన్నాయన్నావు కదే?"

"ఉన్నాయి. వాటిని బట్టి పేరు రాదు."

అత్త చేట కింద పెట్టింది. "మనువైన కాణ్ణించి నన్ను ఫలానావోడి పెళ్లాం అన్నారు. ఆయన పోనాక ఫలానావోడి అమ్మ అంటన్నారు. పురుగులక్కూడా అదే కర్మేటే?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఉసిళ్లు పళ్లెంలో పెట్టిస్తే తిన్నాను. రుచిగా ఉన్నాయి, అదింకో మంట.

ఆదివారం మళ్లీ లైటు పెడదామంటే తెరిపి లేని వాన. సోమవారం జేసీబీ దిగింది.

ఆడ పురుగుల సీసాలు కాలేజీ అలమరలో ఉన్నాయి. వాటి చీటీల మీద ఊరి పేరు రాశాను, గెడ్డ పేరు రాశాను. పట్టినవారు అన్నచోట నా పేరు పక్కన అత్త పేరు రాశాను, ఫలానావాళ్ల అమ్మ అని కాదు, ఆవిడ సొంత పేరు. పురుగు పేరు రాయాల్సిన చోటు ఖాళీగానే ఉంది.